హోస్టింగ్ సర్వర్‌కు ఏ కంట్రోల్ ప్యానెల్?

వెబ్‌సైట్లు ఉంచే సర్వర్‌లో ఒకేసారి అనేక ప్రోగ్రాములు నడుస్తుంటాయి. బ్రౌజర్ అడిగిన పేజీని అందించేది అపాచీ లేదా ఇంజిన్‌ఎక్స్. వర్డ్‌ప్రెస్ లాంటివాటిని నడిపేది పీహెచ్‌పీ. వ్యాసాలు, ఆర్డర్లు, సభ్యుల వివరాలు దాచేది మైఎస్‌క్యూఎల్ లేదా మరియాడీబీ. మెయిల్ పంపడానికి ఎగ్జిమ్ లేదా పోస్ట్‌ఫిక్స్, వచ్చిన మెయిల్‌ను ఇన్‌బాక్స్‌లో చూపడానికి డవ్‌కాట్, డొమైన్ పేరుకు చిరునామా చెప్పడానికి బైండ్ లేదా పవర్‌డీఎన్‌ఎస్ ఉంటాయి. ప్రతిదానికీ వేరే సెట్టింగుల ఫైళ్లు, వేరే రాత పద్ధతి, వేరే లాగ్‌లు. కొత్తగా ఒక సైటు పెట్టాలంటే ఈ అయిదారు చోట్లా ఒకదానితో ఒకటి పొసిగేలా మార్పులు చేయాలి. ఎక్కడైనా ఒక్క అక్షరం తప్పితే సైటు తెరుచుకుంటుంది గానీ మెయిల్ రాదు, లేదా మెయిల్ వస్తుంది గానీ బ్రౌజర్‌లో తాళం గుర్తు కనిపించదు.

ఈ పనులన్నీ బ్రౌజర్‌లో ఒకే చోటి నుంచి చేయించే సాఫ్ట్‌వేరే కంట్రోల్ ప్యానెల్. డొమైన్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి బటన్ నొక్కితే మిగతా సెట్టింగులన్నీ అదే రాసి పెడుతుంది. షేర్డ్ హోస్టింగ్ కొన్నవారికి ఎంపిక సమస్యే రాదు, కంపెనీ ఏ ప్యానెల్ ఇస్తే దాంతోనే సరిపెట్టుకోవాలి. సొంతంగా వీపీఎస్ (పెద్ద సర్వర్‌లో విడదీసిన వర్చువల్ సర్వర్) గానీ, పూర్తి సర్వర్ గానీ అద్దెకు తీసుకున్నప్పుడే ఈ ప్రశ్న మొదలవుతుంది. ఖాతాదారుల సైట్లను తానే చూసుకునే చిన్న వెబ్ డిజైన్ సంస్థ, జిల్లా వార్తల పోర్టల్, కాలేజీ కంప్యూటర్ విభాగం, షేర్డ్ ప్లాన్ చాలక పెద్దదానికి మారిన ఆన్‌లైన్ దుకాణం సాధారణంగా ఈ ప్రశ్నతో తలపడుతుంటాయి. ప్యానెల్ వేయడానికి గంట కూడా పట్టకపోవచ్చు. దాన్ని వదిలించుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. ఎంపికలో జాగ్రత్త అవసరమనేది అందుకే.

సర్వర్ పగ్గాలు ఎవరి చేతికి?

ప్యానెల్ దగ్గర తనదైన పద్దు ఉంటుంది. ఏ ఖాతా ఎవరిది, ఏ డొమైన్ ఏ ఫోల్డర్‌లో ఉంది, ఎవరికి ఎంత డిస్క్ ఇచ్చారు, ఏ సైటుకు ఏ పీహెచ్‌పీ వెర్షన్ అన్నవన్నీ అందులో ఉంటాయి. ఆ పద్దును బట్టి, తన దగ్గరున్న నమూనాలతో, సెట్టింగుల ఫైళ్లను అది ఎప్పటికప్పుడు తిరగరాస్తుంది. సీప్యానెల్ అనే ప్యానెల్ ఉన్న సర్వర్‌లో అపాచీ ప్రధాన ఫైలును ఎవరైనా చేత్తో సవరిస్తే, ప్యానెల్ తర్వాతిసారి ఆ ఫైలును రాసినప్పుడు ఆ సవరణ మాయమవుతుంది. సొంత మార్పులను అందుకోసం కేటాయించిన వేరే ఫైళ్లలోనే రాసుకోవాలి. మిగతా ప్యానెళ్లదీ ఇంచుమించు ఇదే తీరు. లైనక్స్ బాగా తెలిసినవారు మొదట విసుక్కునేది ఇక్కడే. ప్యానెల్ వేశాక సర్వర్‌ను దాని పద్ధతిలోనే నడపాలి. రెండు పద్ధతులూ కలిపితే రెండూ చెడతాయి.

తీసేయడం ఇంకా కష్టం. సీప్యానెల్‌ను అప్పుడే ఓఎస్ వేసిన ఖాళీ సర్వర్ మీదే ఇన్‌స్టాల్ చేయాలి. వద్దనుకుంటే ఓఎస్‌నే మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి, వేరే దారి లేదు. ప్యానెల్ మార్చడమంటే వాస్తవంలో సర్వర్ మార్చడమే: కొత్త సర్వర్ తీసుకోవడం, ఖాతాలు తరలించడం, డీఎన్‌ఎస్ తిప్పడం, పాత సర్వర్‌కు ఇంకా వస్తున్న మెయిల్‌ను కొన్నాళ్లు కనిపెట్టి ఉండడం.

2019 నేర్పిన పాఠం

ప్యానెళ్లలో అందరికీ ఎక్కువగా తెలిసిన పేరు సీప్యానెల్. దీన్ని 1996లో నిక్ కాస్టన్ రాశారు, తర్వాత అమెరికాలోని హ్యూస్టన్ కేంద్రంగా కంపెనీ పెరిగింది. ఇందులో రెండు ముఖాలున్నాయి. సర్వర్ యజమానికి కనిపించేది డబ్ల్యూహెచ్‌ఎం, ఖాతాదారుకు కనిపించేది సీప్యానెల్. సర్వర్ యజమాని ఖాతాలు తెరిచి ఇస్తాడు, ఖాతాదారు తన మెయిల్, తన డేటాబేస్, తన ఫైళ్లు తానే చూసుకుంటాడు. ఈ విభజన వల్లే రీసెల్లర్ వ్యాపారం సాధ్యమైంది. ఒక పెద్ద సర్వర్‌లో కొంత చోటు టోకుగా కొని, దాన్ని చిన్న ప్యాకేజీలుగా అమ్మేవారంతా ఈ ఏర్పాటు మీదే ఆధారపడ్డారు. 2000 ప్రాంతంలో రష్యాలోని నొవొసిబిర్స్క్‌లో మొదలైన ప్లెస్క్ దీనికి ప్రధాన పోటీదారుగా ఎదిగింది.

చాలా ఏళ్ల పాటు సీప్యానెల్ లైసెన్స్ ధర సర్వర్‌కు ఇంత అని ఉండేది. అందులో పది ఖాతాలున్నా, వెయ్యి ఉన్నా ఒకే రేటు. ఓక్లీ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ 2017లో ప్లెస్క్‌ను, 2018లో సీప్యానెల్‌ను కొన్నది. రెండు పోటీ ప్యానెళ్లూ ఒకే గొడుగు కిందికి చేరాయి. 2019 జూన్‌లో సీప్యానెల్ కొత్త ధరల పద్ధతి ప్రకటించింది. ఇక మీదట లెక్క ఖాతాలను బట్టి: 1, 5, 30, 100 వరకు మెట్లు, ఆపైన ప్రతి అదనపు ఖాతాకు అదనపు రుసుము. ఒక్కో సర్వర్‌లో వందల చిన్న ఖాతాలు పెట్టి, తక్కువ ధరకు అమ్మే హోస్టింగ్ కంపెనీల లెక్కలు ఒక్కసారిగా తారుమారయ్యాయి. ఆ తర్వాత కూడా ధర దాదాపు ఏటా పెరుగుతూ వచ్చింది.

కంపెనీ తన సరుకుకు తానే ధర కట్టుకుంటుంది, అందులో తప్పుపట్టాల్సింది లేదు. గమనించాల్సింది కొనేవారి పరిస్థితి. ప్యానెల్ మార్చడం అంత కష్టం కాబట్టే, పెరిగిన ధర చాలామంది కట్టక తప్పలేదు. ఈనాటి రేటును మాత్రమే చూసి ప్యానెల్ ఎంచుకుంటే ఇదే ఇరకాటం ఎదురవుతుంది. రేటు రెట్టింపైతే ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు ముందే ఉండాలి.

ఖాతాల లెక్కన ధర పెట్టడం వల్ల ఇంకో చెడు అలవాటు కూడా పుట్టింది. దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే నష్టం లైసెన్స్ డబ్బు కన్నా చాలా పెద్దది. ప్యానెల్‌లో ఒక ఖాతా అంటే లైనక్స్‌లో ఒక యూజర్. ఒక యూజర్ ఫైళ్లను ఇంకో యూజర్ నడిపే ప్రోగ్రామ్ ముట్టుకోకుండా ఓఎస్ అడ్డుకుంటుంది. డబ్బు ఆదా చేయడానికి పది మంది ఖాతాదారుల సైట్లను ఒకే ఖాతాలో ‘అదనపు డొమైన్లు’గా పెడితే ఆ అడ్డుగోడ పోయినట్లే. ఎవరో ఒకరి వర్డ్‌ప్రెస్‌లో పాతబడిన ప్లగిన్ ద్వారా చొరబడిన వ్యక్తికి మిగతా తొమ్మిది సైట్ల ఫైళ్లు, డేటాబేస్ పాస్‌వర్డులు కూడా చేతికందుతాయి. ఒక సైటును శుభ్రం చేస్తే పక్క సైటు నుంచి మళ్లీ అంటుకుంటుంది. ఎవరి సైటు వారి ఖాతాలోనే ఉండాలి. అలా ఉంచితే లైసెన్స్ ఖర్చు భరించలేనిదవుతుందనుకుంటే, ఖాతాల లెక్క లేని ప్యానెల్‌ను చూసుకోవడమే సరైన ఆదా.

డబ్బు పెట్టి కొనేవి, ఉచితంగా దొరికేవి

కొనే ప్యానెళ్లలో సీప్యానెల్‌కు పెద్ద బలం పరిచయం. దాంతో పనిచేసినవారు ఎక్కడైనా దొరుకుతారు, ఏ సమస్యకైనా ఎవరో ఒకరు రాసిపెట్టిన పరిష్కారం ఉంటుంది. షేర్డ్ హోస్టింగ్ నుంచి వచ్చే ఖాతాదారుకు కొత్తగా నేర్పాల్సిన పని ఉండదు. ప్లెస్క్ ప్రత్యేకత విండోస్ సర్వర్. ఏఎస్‌పీ డాట్ నెట్‌లో రాసిన అప్లికేషన్, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ అవసరమైన సంస్థకు పెద్ద ప్యానెళ్లలో మిగిలే ఎంపిక దాదాపు అదొక్కటే. లైనక్స్‌లోనూ అది నడుస్తుంది, పదుల కొద్దీ వర్డ్‌ప్రెస్ సైట్లను ఒకే చోట చూసుకునే సదుపాయం బాగుంటుంది. కెనడాకు చెందిన జేబీఎంసీ సాఫ్ట్‌వేర్ 2003లో తెచ్చిన డైరెక్ట్‌అడ్మిన్ తేలికైనది, తక్కువ మెమరీతో నడుస్తుంది. దాని చిన్న లైసెన్సులకు ఖాతాల పరిమితి ఉన్నా స్టాండర్డ్ లైసెన్స్‌కు లేదు. 2019 తర్వాత సీప్యానెల్ వదిలినవారి చూపు మొదట దీని మీద పడడానికి అదే కారణం.

ఉచిత ప్యానెళ్లలో పాత కాపు వెబ్‌మిన్. జేమీ కామెరాన్ 1997లో దీన్ని విడుదల చేశారు. అసలు వెబ్‌మిన్ సర్వర్ మొత్తాన్ని చూసుకునే సాధనం, దాని మీద హోస్టింగ్ పనులకు తయారైనది వర్చువల్‌మిన్. వర్చువల్‌మిన్ మిగతావాటి కన్నా ఓఎస్‌కు దగ్గరగా ఉంటుంది. చేత్తో రాసిన సెట్టింగులను చాలావరకు గౌరవిస్తుంది. లైనక్స్ తెలిసిన నిర్వాహకులకు నచ్చేది ఈ గుణమే. జర్మనీలో పుట్టిన ఐఎస్‌పీకాన్ఫిగ్ అనేక సర్వర్లను ఒకే తెర మీద నుంచి నడిపిస్తుంది. వెబ్ ఒకచోట, మెయిల్ ఇంకోచోట, డీఎన్‌ఎస్ మరోచోట పెట్టుకునే సంస్థకు ఉచితంగా అంత సదుపాయం మరోచోట దొరకడం అరుదు. వెస్టా అనే పాత ప్యానెల్ నుంచి చీలి వచ్చిన హెస్టియా డెబియన్, ఉబుంటుల మీద నడుస్తుంది, చిన్న వీపీఎస్‌కు సరిగ్గా సరిపోతుంది. క్లౌడ్‌ప్యానెల్ మెయిల్ జోలికే పోదు. ఇంజిన్‌ఎక్స్‌తో పీహెచ్‌పీ, నోడ్ జేఎస్, పైథాన్ సైట్లను వేగంగా నడపడమే దాని పని. సైబర్‌ప్యానెల్ ఓపెన్‌లైట్‌స్పీడ్ అనే వెబ్ సర్వర్ చుట్టూ అల్లినది.

ఉచితం అన్నంత మాత్రాన నాసిరకం అనుకోనవసరం లేదు. ఐఎస్‌పీకాన్ఫిగ్, వర్చువల్‌మిన్ ఏళ్ల తరబడి నిలిచినవి. తేడా వచ్చేది ఆపద సమయంలో. లైసెన్స్ కొన్నచోట రాత్రి రెండు గంటలకు మెయిల్ ఆగిపోతే అడగడానికి ఒక సపోర్టు విభాగం ఉంటుంది. ఉచిత ప్యానెల్‌లో ఆ పని సర్వర్ చూసుకునే మనిషిదే. అలాంటి మనిషి సంస్థలో ఉంటే ఉచిత ప్యానెల్ నిజంగానే ఉచితం. లేకపోతే లైసెన్స్‌లో మిగిలిన డబ్బు, అంతకు మించి, ఏదో ఒక రోజు పోతుంది.

తెరిచి ఉన్న తలుపు

ప్యానెల్ రూట్ అధికారంతో పనిచేస్తుంది. ఖాతాలు సృష్టించాలన్నా, సెట్టింగులు మార్చాలన్నా దానికి ఆ అధికారం ఉండక తప్పదు. పైగా బ్రౌజర్‌లో తెరుచుకోవాలి కాబట్టి ఇంటర్నెట్‌కు ఎదురుగా ఏదో ఒక పోర్టు మీద నిలబడి ఉంటుంది. డబ్ల్యూహెచ్‌ఎంకు 2087, ప్లెస్క్‌కు 8443, డైరెక్ట్‌అడ్మిన్‌కు 2222, వెబ్‌మిన్‌కు 10000. ఇవి అందరికీ తెలిసిన అంకెలే. ప్యానెల్‌లో ఒక లోపం బయటపడితే ఆ పోర్టు తెరిచి ఉన్న సర్వర్లన్నిటినీ గంటల్లో వెతికి పట్టుకోవచ్చు.

ఇది ఊహ కాదు, మళ్లీ మళ్లీ జరిగింది. 2018 ఏప్రిల్‌లో వెస్టా ప్యానెల్‌లోని లోపం ద్వారా దుండగులు సర్వర్లలోకి చొరబడి, వాటి చేత ఇతరుల మీద దాడులు చేయించారు. కొన్ని క్లౌడ్ కంపెనీలు తమ నెట్‌వర్క్‌లో ఆ ప్యానెల్ పోర్టునే మూసేయాల్సి వచ్చింది. అదే ఏడాది వెస్టా తయారీదారుల సర్వర్లలోకే చొరబడి, ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టును మార్చారు. కొత్తగా ప్యానెల్ వేసుకున్నవారి పాస్‌వర్డులు ఆ స్క్రిప్టే బయటికి పంపింది. 2019 ఆగస్టులో వెబ్‌మిన్‌లో దొంగ తలుపు ఒకటి బయటపడింది. ప్యాకేజీ తయారుచేసే యంత్రంలో ఎవరో కోడ్‌ను మార్చారు, ఏడాదికి పైగా అది ఎవరి కంటా పడలేదు. సెంటాస్ వెబ్ ప్యానెల్‌గా మొదలై కంట్రోల్ వెబ్ ప్యానెల్‌గా పేరు మార్చుకున్న సాఫ్ట్‌వేర్‌లో ఒక తీవ్ర లోపానికి 2022 అక్టోబరులోనే సవరణ వచ్చింది. 2023 జనవరిలో దాడి పద్ధతి బహిరంగం కాగానే, అప్‌డేట్ చేసుకోని సర్వర్లు దొరికిపోయాయి. 2024 అక్టోబరులో సైబర్‌ప్యానెల్ వంతు వచ్చింది. ఇంటర్నెట్‌లో కనిపిస్తున్న 20,000కు పైగా సర్వర్ల మీద దాడి జరిగింది, ఫైళ్లను తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్‌ను వాటిలో వదిలారు.

ఈ సంఘటనల్లో రెండు రకాలున్నాయి. కోడ్‌లో పొరపాటు ఒకటి, తయారీదారు ఇంట్లోనే దొంగలు పడడం రెండోది. రెండోదాన్ని కొనుగోలుదారు ముందే పసిగట్టడం కష్టం. మొదటిదానికి మాత్రం కొన్ని ఆనవాళ్లు చూడవచ్చు. చివరి విడుదల ఎప్పుడు వచ్చింది, లోపాన్ని ఎవరైనా తెలియజేస్తే ఎన్ని రోజుల్లో సవరించారు, సవరణ వచ్చినప్పుడు వాడుకరులకు సూటిగా చెప్పారా లేక గుట్టుగా కలిపేశారా, ఒక్క మనిషి రాస్తున్నాడా లేక బృందం ఉందా అన్నవి మార్పుల చిట్టా చదివితే తెలిసిపోతాయి. బొమ్మలు అందంగా ఉన్న తెరల కన్నా ఈ చిట్టానే ఎక్కువ సేపు చదవడం మంచిది. ఏడాదిగా కదలిక లేని ప్యానెల్‌ను, ఎంత నచ్చినా, వదిలేయాలి.

ఏ ప్యానెల్ వేసినా ఒక జాగ్రత్త తప్పదు. యజమాని లాగిన్ అయ్యే పోర్టును ప్రపంచమంతటికీ తెరిచి ఉంచకూడదు. ఫైర్‌వాల్‌లో ఆఫీసు ఐపీ చిరునామాకే అనుమతి ఇవ్వవచ్చు, ఐపీ మారుతుంటే వీపీఎన్ ద్వారా లేదా ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం ద్వారా చేరుకోవచ్చు. రెండంచెల లాగిన్ పెట్టుకోవాలి. పైన చెప్పిన దాడుల్లో చాలావరకు, పోర్టు మూసి ఉన్న సర్వర్ల జోలికి రాలేకపోయేవి. ఈ పనికి పది నిమిషాలు చాలు, ఖర్చు లేదు.

ఓఎస్, మెమరీ

ప్యానెల్ జాతకం దాని కింద ఉన్న ఓఎస్‌తో ముడిపడి ఉంటుంది. ఈ సంగతి 2020 డిసెంబరులో హోస్టింగ్ రంగానికి గట్టిగా తెలిసొచ్చింది. సర్వర్లలో విరివిగా వాడుతున్న సెంటాస్ 8కు 2029 దాకా ఉండాల్సిన మద్దతును 2021 చివరికే ఆపేస్తున్నట్లు రెడ్‌హ్యాట్ ప్రకటించింది. ఆ ఖాళీని పూడ్చడానికి 2021లో ఆల్మాలైనక్స్, రాకీ లైనక్స్ వచ్చాయి. సీప్యానెల్ వాటికి మద్దతిచ్చింది, తర్వాత ఉబుంటునూ చేర్చింది. 2024 జూన్ 30తో సెంటాస్ 7 గడువు కూడా ముగిసింది. ప్యానెల్ ఎంచుకునేటప్పుడు అది ఏయే ఓఎస్‌ల మీద నడుస్తుందో, ఆ ఓఎస్ గడువు ఏ ఏడాది ముగుస్తుందో, ఒక వెర్షన్ నుంచి తర్వాతిదానికి సర్వర్‌ను ఉన్నచోటే మార్చే దారి ప్యానెల్ చూపుతుందో లేదో తెలుసుకోవాలి. ఒకటికి మించిన ఓఎస్ కుటుంబాల మీద నడిచే ప్యానెల్‌కు ఇలాంటి కుదుపులు తక్కువ.

మెమరీ విషయం చిన్నదే గానీ కొత్తవారిని తరచూ ఇబ్బంది పెడుతుంది. సీప్యానెల్‌కు కనీసం 2 జీబీ ర్యామ్ కావాలి, హాయిగా నడవాలంటే 4 జీబీ ఉండాలి. మెయిల్‌లో వైరస్‌లు వెతికే క్లామ్ఏవీ ఒక్కటే జీబీకి పైగా తింటుంది. 1 జీబీ వీపీఎస్ తీసుకుని భారీ ప్యానెల్ వేస్తే, పాఠకులు రాకముందే సర్వర్ ఆయాసపడుతుంది. ఒక్క సైటు కోసమైతే ఆ మెమరీ డేటాబేస్‌కు ఇవ్వడం మేలు.

మెయిల్ పెట్టాలా?

ప్యానెల్ వల్ల మెయిల్ ఖాతా తెరవడం ఒక క్లిక్ పని. ఆ మెయిల్ అవతలివారి ఇన్‌బాక్స్‌కు చేరడం వేరే సంగతి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు డీఎన్‌ఎస్ రికార్డులు సరిగ్గా ఉండాలి, ఐపీ చిరునామాకు రివర్స్ పేరు ఉండాలి, ఆ ఐపీకి చెడ్డపేరు ఉండకూడదు. రోజుకు 5,000కు మించి మెయిళ్లు పంపేవారికి ఈ మూడు రికార్డులనూ గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి చేసింది, యాహూ కూడా అదే బాట పట్టింది. కొన్ని పెద్ద క్లౌడ్ కంపెనీలు మెయిల్ పంపే 25వ పోర్టును మూసే ఉంచుతాయి. పక్క ఖాతాలోని సైటు హ్యాక్ అయి స్పామ్ పంపితే, అదే ఐపీ మీద ఉన్న మిగతావారందరి మెయిల్ కూడా చిక్కుల్లో పడుతుంది.

అందువల్ల ప్యానెల్ ఎంపికకు ముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది: మెయిల్ ఈ సర్వర్‌లోనే ఉంటుందా? బయటి మెయిల్ సేవ వాడుకోవాలనుకుంటే మెయిల్ లేని తేలికపాటి ప్యానెల్ చాలు, సర్వర్ బాధ్యతల్లో సగం తగ్గుతాయి. ఖాతాదారులకు మెయిల్ కూడా ఇస్తామని మాటిచ్చిన సంస్థకు సీప్యానెల్, ప్లెస్క్, డైరెక్ట్‌అడ్మిన్, ఐఎస్‌పీకాన్ఫిగ్, వర్చువల్‌మిన్ లాంటి పూర్తి స్థాయివి కావాలి. ఒక్కో ఖాతా గంటకు ఎన్ని మెయిళ్లు పంపవచ్చో పరిమితి పెట్టే వీలుందో లేదో కూడా చూడాలి.

ఇక బ్రౌజర్‌లో తాళం గుర్తుకు అవసరమైన సర్టిఫికెట్ల సంగతి ఇప్పుడు చాలావరకు తీరిపోయింది. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టాక ప్రధాన ప్యానెళ్లన్నీ వాటిని తమంతట తామే తెచ్చి, గడువు ముగిసేలోపు పునరుద్ధరిస్తున్నాయి. సర్టిఫికెట్ గరిష్ఠ గడువును అంచెలంచెలుగా తగ్గిస్తూ 2029 మార్చి నాటికి 47 రోజులకు తేవాలని బ్రౌజర్, సర్టిఫికెట్ సంస్థలు 2025లో నిర్ణయించాయి. దాంతో చేత్తో పునరుద్ధరించే పద్ధతికి కాలం చెల్లినట్లే.

తెలుగు సైట్లకు చూసుకోవాల్సినవి

తెలుగులో నడిచే సైట్లకు రెండు మూడు విషయాలు అదనం. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు అక్షర సంకేతం యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది. మైఎస్‌క్యూఎల్ 8కు ముందు వెర్షన్లలో డేటాబేస్‌కు అలవాటుగా వచ్చే అక్షర పద్ధతి లాటిన్1. ప్యానెల్‌లో బటన్ నొక్కి డేటాబేస్ సృష్టించినప్పుడు ఆ పాత పద్ధతే పడితే, దాచిన తెలుగు ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. ఒకసారి అలా మారినదాన్ని తిరిగి రాబట్టలేం. కొత్త డేటాబేస్‌లు యూటీఎఫ్8ఎంబీ4 పద్ధతిలో వస్తున్నాయో లేదో మొదటి రోజే చూసుకోవాలి. పాత సర్వర్ నుంచి తరలించేటప్పుడు బ్యాకప్ ఫైలు ఏ పద్ధతిలో తీశారో సరిచూడకపోతే వ్యాసాలన్నీ అర్థం కాని లాటిన్ గుర్తులుగా కనిపిస్తాయి. అయితే ఇది చాలాసార్లు సరిచేయదగ్గదే. తరలింపు పరీక్షలో తెలుగు వ్యాసాన్ని, తెలుగు పేరున్న ఫైలును తప్పక తెరిచి చూడాలి.

తెలుగు లిపిలో .భారత్ డొమైన్ తీసుకున్నవారి సైటు పేరును డీఎన్‌ఎస్ ప్యూనీకోడ్ అనే లాటిన్ అక్షరాల రూపంలో గుర్తిస్తుంది. ప్యానెల్ తెలుగు పేరును నేరుగా తీసుకుని తానే మార్చుకుంటుందా, లేక మార్చిన రూపాన్ని మనమే ఇవ్వాలా అన్నది ముందే ప్రయత్నించి చూడాలి.

మన దేశంలో హోస్టింగ్ సేవ అందించేవారి మీద చట్టపరమైన బాధ్యతలూ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కంపెనీలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, నిర్దేశించిన సైబర్ సంఘటనలను తెలిసిన 6 గంటల్లోపు నివేదించాలి. ప్యానెళ్లు డిస్క్ ఆదా చేయడానికి లాగ్‌లను కొద్ది రోజులకో, వారాలకో చెరిపేస్తుంటాయి. ఆ గడువును మార్చే వీలు, లాగ్‌లను వేరే చోటికి పంపే వీలు ఉన్నాయేమో చూడాలి.

బ్యాకప్, బయటికి దారి

ప్యానెల్ ఇచ్చే బ్యాకప్ అదే సర్వర్‌లోని అదే డిస్క్ మీద ఉంటే అది బ్యాకప్ లెక్కలోకి రాదు. డిస్క్ పోయినా, రాన్సమ్‌వేర్ పడినా రెండూ కలిసే పోతాయి. ప్యానెల్ తనంతట తాను వేరే సర్వర్‌కో, ఎస్3 తరహా క్లౌడ్ నిల్వకో పంపగలగాలి. ఒక్క ఖాతాను, ఆ ఖాతాలో ఒక్క డేటాబేస్‌ను, కుదిరితే ఒక్క మెయిల్‌బాక్స్‌ను విడిగా తిరిగి తెచ్చుకోగలగాలి. ఒక ఖాతాదారు పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపేస్తే మొత్తం సర్వర్‌ను నిన్నటి స్థితికి తీసుకెళ్లలేం కదా.

బయటికి వెళ్లే దారి విషయంలో సీప్యానెల్‌కు విచిత్రమైన అనుకూలత ఉంది. అది అందరికీ తెలిసిన ప్యానెల్ కావడంతో ప్లెస్క్, డైరెక్ట్‌అడ్మిన్, వర్చువల్‌మిన్, హెస్టియా అన్నీ సీప్యానెల్ ఖాతా బ్యాకప్‌ను చదివి తమలోకి తెచ్చుకోగలవు. తక్కువమంది వాడే ప్యానెల్ నుంచి బయటపడాలంటే ఫైళ్లు, డేటాబేస్‌లు, మెయిల్‌బాక్సులు ఒక్కొక్కటిగా చేత్తో మోయాలి. అరుదైన ప్యానెల్ ఎంచుకునేవారు ఈ శ్రమను కూడా ధరలో కలిపి చూసుకోవాలి.

అసలు ప్యానెలే లేకపోవడం కూడా ఒక ఎంపికే. ఒకే సంస్థ, ఒకటి రెండు సైట్లు, లైనక్స్ తెలిసిన మనిషి ఉన్నచోట సెట్టింగులను చేత్తో రాసుకుని, వాటిని గిట్‌లో దాచుకుంటే దాడికి దొరికే తలుపు ఒకటి తగ్గుతుంది, మెమరీ మిగులుతుంది. పరీక్షా ఫలితాల రోజున, ఓట్ల లెక్కింపు రోజున ఒక్కసారిగా పాఠకులు విరుచుకుపడే వార్తల సైటుకు ప్యానెల్ పెద్దగా సాయం చేయదు. అక్కడ పనికొచ్చేవి క్యాషింగ్, సీడీఎన్, విడిగా ఉంచిన డేటాబేస్.

మొత్తం మీద చూస్తే, ఇతరులకు హోస్టింగ్ అమ్మేవారికి, సొంత లైనక్స్ నిపుణుడు లేనివారికి సీప్యానెల్ గానీ, డైరెక్ట్‌అడ్మిన్ గానీ తగినవి. ఖాతాలు ముప్ఫై దాటి పెరుగుతాయనుకుంటే డైరెక్ట్‌అడ్మిన్ వైపే మొగ్గాలి. విండోస్ అవసరమైతే ప్లెస్క్. నిర్వాహకుడు ఉన్న సంస్థకు వర్చువల్‌మిన్ లేదా ఐఎస్‌పీకాన్ఫిగ్. మెయిల్ అక్కర్లేని కొద్దిపాటి సైట్లకు క్లౌడ్‌ప్యానెల్, మెయిల్‌తో కూడిన చిన్న వీపీఎస్‌కు హెస్టియా. ఏది అనుకున్నా, చవకైన పరీక్షా వీపీఎస్‌లో నెల రోజులు నడిపి, ఒక ఖాతాను బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చి, ఒక ఖాతాను వేరే ప్యానెల్‌కు తరలించి చూశాకే అసలు సర్వర్ మీద వేయాలి.